పట్నం చూసి వద్దామా? రెండు రోజుల ప్రయాణం ఎట్లా వేసుకోవాలె



హైదరాబాదు చూడాలని మన హాస్టల్లో అందరికీ ఉంది. విమానం దగ్గర నుంచి చూడాలని ఇంకా ఎక్కువ ఉంది. కానీ పట్నం పోయి వచ్చినవాళ్ళను "ఏం చూసినవ్?" అని అడిగితే చాలామంది "అన్నీ చూసినం" అంటారు, అంతకు మించి చెప్పలేరు. ఒక్క రోజులో పది చోట్లకు తిరిగితే బస్సు కిటికీ తప్ప ఏమీ చూడలేం. అందుకే తక్కువ చోట్లు, పూర్తిగా చూసేటట్టు ఈ ప్లాన్ రాస్తున్నాను. అందరూ చదివి మీ మాట చెప్పండి.

1. ముందు రోజుల లెక్క

మన ఉట్నూరు నుంచి గుడిహత్నూరు పోతే 44వ నంబరు జాతీయ రహదారి వస్తుంది. అది శ్రీనగర్‌లో మొదలై కన్యాకుమారి దాకా పోతుంది. నిర్మల్, కామారెడ్డి మీదుగా హైదరాబాదు చేరి, అక్కడి నుంచి శంషాబాద్ మీదుగా కర్నూలు వైపు పోతుంది. అంటే మనం ఎక్కే రోడ్డూ, విమానాశ్రయం పక్క నుంచి పోయే రోడ్డూ ఒకటే! హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. పోవడానికి ఒక పగలు, రావడానికి ఒక పగలు పడుతుంది. కాబట్టి చూసేది రెండు రోజులైనా ప్రయాణం నాలుగు రోజులు.

ఏ రోజు పోవాలో కూడా చూసుకోవాలె. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. జూ పార్కుకు సోమవారం సెలవు. మనం శుక్రవారం పోయి సోమవారం తిరిగి వస్తే ఆ రెండు సెలవులూ బస్సులోనే గడిచిపోతాయి. శని, ఆదివారాలు రెండూ తెరిచి ఉంటాయి. క్లాసులు కూడా మూడు రోజులే పోతాయి.

2. బస్సు, గుర్తింపు కార్డు

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు, ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు. పట్నంలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో కూడా అంతే. కండక్టర్ సున్నా టికెట్ ఇస్తారు, దాన్ని దిగే వరకు పారేయొద్దు. డీలక్స్, సూపర్ లగ్జరీల్లో, విమానాశ్రయానికి పోయే పుష్పక్ బస్సుల్లో మాత్రం డబ్బులు కట్టాలె. కాబట్టి ఎక్కే ముందు బస్సు మీద బోర్డు చదవాలి. ఆధార్ కార్డు ఒక్కొక్కరి దగ్గర ఉండాలి. అన్నీ ఒక్క సంచిలో పెడితే ఆ సంచి పోయిన రోజు అందరం ఆగిపోతాం.

రాత్రి ఉండడానికి పట్నంలోని గిరిజన సంక్షేమ హాస్టల్‌కు మేడం గారు ముందే ఉత్తరం రాసి అనుమతి తీసుకుంటే లాడ్జి ఖర్చు ఉండదు.

3. శుక్రవారం సాయంత్రం: ట్యాంక్‌బండ్

మన వైపు బస్సులు సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్లో ఆగుతాయి. అక్కడి నుంచి ట్యాంక్‌బండ్ దూరం కాదు. హుస్సేన్‌సాగర్ నడుమ ఒకే రాతితో చెక్కిన బుద్ధుడి విగ్రహం ఉంది. 1990లో పడవ మీద తెస్తుంటే నీళ్ళల్లో మునిగింది, మనుషులు కూడా చనిపోయారు. 1992లో పైకి తీసి నిలబెట్టారు.

అదే గట్టు మీద మన కుమ్రం భీం విగ్రహం ఉంది. నిజాం సర్కారు మీద పోరాడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చిన మనిషి, ఆ నిజాం ఏలిన పట్నం నడుమ ఇప్పుడు నిలబడి ఉన్నాడు. వేరే ఏది చూడకపోయినా ఇది చూడాలె.

4. శనివారం: చార్మినార్, మ్యూజియం

చార్మినార్‌ను 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. లోపలి మెట్లు ఇరుకు, మెలి తిరిగి ఉంటాయి. ఒకరి వెనుక ఒకరు నెమ్మదిగా ఎక్కాలి. 15 ఏళ్ళు నిండని పిల్లలకు టికెట్ లేదు, పుట్టిన తేదీ ఉన్న కార్డు చూపాలి.

పక్కనే లాడ్ బజార్. అక్కడి గాజులు లక్కతో చేస్తారు. లక్క అంటే ఏమిటో మనకు తెలుసు. మోదుగ లాంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు చేసేది. అడవిలో పుట్టింది పట్నంలో అద్దాలు అంటించుకొని మెరుస్తుంది. చూడడానికి డబ్బులు కావు. కొనేవాళ్ళు ముందే ఎంత ఖర్చు పెట్టాలో అనుకొని పోవాలి.

అక్కడి నుంచి మ్యూజియానికి నడిచి పోవచ్చు. పగలు 12 కొట్టక ముందే చేరాలి. ఎందుకంటే అక్కడ ఒక పెద్ద గడియారంలో గంట గంటకు చిన్న బొమ్మ మనిషి తలుపు తీసుకొని వచ్చి గంట కొడతాడు. 12 గంటలకైతే పన్నెండు దెబ్బలు! తర్వాత ముసుగు వేసుకున్న రెబెకా అనే పాలరాతి బొమ్మ చూడాలి. రాతి ముసుగు లోపల నుంచి ముఖం కనబడినట్టే ఉంటుంది. మ్యూజియం చాలా పెద్దది. అన్ని గదులకు ఉరకవద్దు. ఒక్కొక్కరు నచ్చిన ఒక వస్తువు గురించి నోటు పుస్తకంలో రాసుకుంటే తిరిగి వచ్చాక గోడపత్రిక ఒకటి నిండుతుంది.

5. ఆదివారం: జూ, శంషాబాద్

పొద్దున్నే జూ పార్కు. ఎండ ముదిరితే జంతువులు నీడకు పోయి పడుకుంటాయి. జూ నుంచి ఆరాంఘర్ చౌరస్తా, అక్కడి నుంచి హైవే మీద నేరుగా శంషాబాద్. వెనక్కి తిరిగే పని లేదు.

శంషాబాద్ దగ్గర ముచ్చింతల్‌లో రామానుజాచార్యుల విగ్రహం ఉంది. 2022 ఫిబ్రవరి 5న ప్రారంభించారు. పీఠంతో కలిపి ఎత్తు 216 అడుగులు, అంటే ఇరవై అంతస్తుల మేడ అంత. మనుషులంతా సమానం అని చెప్పాడని దానికి సమతా మూర్తి అని పేరు పెట్టారు.

6. విమానాశ్రయం సంగతి

అందరూ అడిగేది ఇదే. టికెట్, గుర్తింపు కార్డు రెండూ చూపిస్తేనే లోపలికి పంపుతారు. తలుపు దగ్గర తుపాకులతో భద్రతా దళం వాళ్ళు ఉంటారు. బతిమాలితే లాభం లేదు. అందుకని బాధ పడొద్దు, విమానాలు బయటి నుంచే బాగా కనబడతాయి.

పక్షి గాలికి ఎదురుగా లేస్తుంది, గాలికి ఎదురుగానే వాలుతుంది. విమానం కూడా అంతే. ఎదురుగాలి రెక్కలను పైకి లేపుతుంది, తక్కువ దూరంలోనే లేవవచ్చు, ఆగవచ్చు. ఇక్కడి రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది, పొడవు 4,260 మీటర్లు. నడిస్తే దాదాపు గంట! హైవే దానికి పడమర పక్కన ఉంది. వానకాలంలో గాలి పడమటి నుంచి వస్తుంది కాబట్టి విమానాలు హైవే వైపు లేస్తాయి. చలికాలంలో గాలి తూర్పు నుంచి వస్తే హైవే వైపు నుంచి వచ్చి దిగుతాయి, చక్రాలు కూడా కనబడతాయి. కానీ హైవే అంచున నిలబడొద్దు, లారీలు ఆగవు. బస్టాపులోనో ఊరి లోపలి రోడ్డు మీదనో నిలబడాలి.

2008 మార్చి దాకా విమానాలు బేగంపేటలో దిగేవి. చుట్టూ ఇళ్ళు పెరిగి అక్కడ చోటు చాలలేదు. శంషాబాద్‌లో సుమారు 5,500 ఎకరాలు తీసుకున్నారు. ఒకప్పుడు అవి పల్లెల భూములు. భూమి అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. పైకి చూసేటప్పుడు కిందికి కూడా చూడాలె.

7. వదిలిపెట్టేవి

గోల్కొండ, బిర్లా మందిర్ ఈసారి వద్దు. గోల్కొండకు ఒక పూట మొత్తం కావాలి. అది వచ్చే సంవత్సరానికి.

8. ఇంటివాళ్ళకు ఏం చెప్పాలి

అసలు కష్టం ఇక్కడే. మన అమ్మానాన్నలు చాలామంది పట్నం చూడలేదు. "తప్పిపోతే ఎవరు తెచ్చిస్తరు?" అంటారు. ఆ భయం తప్పు కాదు. కేస్లాపూర్ నాగోబా జాతరలోనే చెయ్యి విడిస్తే పిల్లలు దొరకరు. అందుకని "ఏం కాదు" అని ఊరికే చెప్పొద్దు, ఏం చేస్తామో చెప్పాలి.

ఐదుగురికి ఒక గుంపు, గుంపుకు ఒక పెద్దమ్మాయి. బస్సు ఎక్కినప్పుడు, దిగినప్పుడు లెక్క పెట్టాలి. ఒక్కొక్కరి జేబులో హాస్టల్ పేరు, మేడం ఫోన్ నంబరు రాసిన చీటీ. తప్పిపోతే వెతుకుతూ తిరగకుండా ఉన్నచోటే నిలబడాలి. ఈ ప్లాన్ ఒక కాగితం మీద రాసి, ఏ పూట ఎక్కడ ఉంటామో ఇంటికి పంపాలి. చదవడం రాని అమ్మకు మనమే చదివి వినిపించాలి. మన ఇళ్ళల్లో కాగితం చదివేది మనమే కదా.

మేడం గార్లకు ఒక మనవి. ఇందులో ఏ దినం కుదరదో, ఏది మార్చాలో ఈ పత్రిక కింద ఉన్న తెల్ల కాగితం మీద రాయండి. మిత్రులు కూడా రాయండి. అందరం ఒప్పుకున్నాక ఇళ్ళకు పంపే కాగితం శుభ్రంగా నేను రాస్తాను.

– 9వ తరగతి విద్యార్థిని