ఆ ప్రశ్న ఎవరిని ఉద్దేశించింది?

విండోస్ కంప్యూటర్లో కొత్త ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేయబోతే తెర మసకబారి, మధ్యలో ఒక పెట్టె వస్తుంది. ఈ యాప్ మీ కంప్యూటర్లో మార్పులు చేయవచ్చా అని అడుగుతుంది. చాలామంది చదవకుండానే ‘యెస్’ నొక్కేస్తారు. అందుకు వాళ్లను తప్పుపట్టడం అన్యాయం. ఆ పెట్టెలో కనిపించేది ప్రోగ్రామ్ పేరు, తయారీదారు పేరు, ఫైలు ఎక్కణ్ణుంచి వచ్చిందన్న సమాచారం. ఆ కాస్త చూసి లోపల ఏముందో చెప్పడం నిపుణులకే కష్టం. మరి జవాబు తెలియనివాళ్లను అడిగి ప్రయోజనమేమిటి? ప్రోగ్రాములు రాసేవాళ్ల అలవాట్లు మార్చడమే దాని అసలు ప్రయోజనమని నా వాదన.

ముందుగా ఆ పెట్టె వెనుక జరిగేది చూడాలి. లాగిన్ కాగానే విండోస్ మన హక్కులన్నీ రాసి ఉన్న ఒక టోకెన్ తయారు చేస్తుంది. మనం తెరిచే ప్రతి ప్రోగ్రామ్‌కీ దాని నకలు అందుతుంది. ఏ ఫైలు ముట్టుకోబోయినా విండోస్ ముందు ఆ టోకెన్ చూస్తుంది. విండోస్ ఎక్స్‌పీ కాలంలో ఇళ్లలోని కంప్యూటర్లలో మామూలుగా వాడే ఖాతాకే అడ్మినిస్ట్రేటర్ హక్కులు ఉండేవి. పాటలు వినిపించే ప్రోగ్రామ్ కూడా తలచుకుంటే సిస్టమ్ ఫైళ్లు చెరిపేయగలిగేది. 2007 జనవరిలో జనానికి అందిన విండోస్ విస్టా ఈ పద్ధతి మార్చింది. అడ్మినిస్ట్రేటర్‌గా లాగిన్ అయినా రెండు టోకెన్లు ఇస్తుంది: హక్కులు కత్తిరించినది ఒకటి, పూర్తి హక్కులున్నది ఇంకొకటి. రోజువారీ పనులన్నీ మొదటిదానితోనే నడుస్తాయి. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో రాయాలన్నా, డ్రైవర్ ఎక్కించాలన్నా రెండోది కావాలి; దాన్ని చేతికిచ్చే ముందు వచ్చేదే ఆ పెట్టె. తెర మసకబారడానికీ కారణం ఉంది. పెట్టె వేరే డెస్క్‌టాప్ మీద తెరుచుకుంటుంది, మామూలు ప్రోగ్రాములు అక్కడికి చేరలేవు. దొంగ ప్రోగ్రామ్ తనకు తానే ‘యెస్’ నొక్కుకునే వీలుండదు. పాత ప్రోగ్రాములు తమకు ఏ హక్కులు కావాలో ముందుగా చెప్పేవి కావు కాబట్టి, ఫైలు పేరులో సెటప్, ఇన్‌స్టాల్ లాంటి మాటలు కనబడినా విండోస్ అనుమానించి అనుమతి అడిగేది!

విండోస్ బయట ఇది పాత సంగతే. పనికి ఎంత అధికారం కావాలో అంతే ఇవ్వాలన్న సూత్రాన్ని కంప్యూటర్ శాస్త్రవేత్తలు సాల్ట్‌జర్, ష్రోడర్ 1975లోనే వివరంగా రాశారు. యూనిక్స్ లోకంలో 1980 ప్రాంతంలో వచ్చిన సుడో అనే ప్రోగ్రామ్, ఒక్కో ఆదేశానికే రూట్ అధికారం, అంటే పూర్తి హక్కులు, ఇచ్చే పద్ధతి తెచ్చింది. విండోస్ 95, 98లలో మాత్రం ఇలాంటి అడ్డుగోడ లేకపోవడంతో, వాటికి ప్రోగ్రాములు రాసినవాళ్లు ఎక్కడ పడితే అక్కడ రాసుకోవడానికి అలవాటుపడ్డారు. ఆటల్లో స్కోర్లు సైతం ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకే వెళ్లేవి. విస్టా రాగానే పూర్తి హక్కులు కోరే ప్రతి ప్రోగ్రామూ పెట్టె తెప్పించింది, జనం విసుక్కున్నారు. ఆ విసుగు ఉద్దేశపూర్వకమేనని 2008లో ఆర్‌ఎస్‌ఏ భద్రతా సదస్సులో మైక్రోసాఫ్ట్‌కు చెందిన డేవిడ్ క్రాస్ బాహాటంగా ఒప్పుకున్నారు. వాడేవాళ్లు విసుక్కుంటే తయారీదారులు దారికొస్తారన్నది లెక్క. లెక్క తప్పలేదు. పెట్టె తెప్పించే ప్రోగ్రాములు, పనుల సంఖ్య సుమారు 7,75,000 నుంచి 1,68,000కు పడిపోయిందని ఆ సంస్థే అదే ఏడాది ప్రకటించింది. అప్పుడే వచ్చిన క్రోమ్ బ్రౌజర్, అడ్మినిస్ట్రేటర్ అనుమతి అక్కర్లేకుండా మన సొంత ఫోల్డర్‌లోనే ఇన్‌స్టాల్ కాగలిగింది.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. మన ఫొటోలు, పత్రాలు మన ఖాతాలోనే ఉంటాయి. వాటికి తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్‌కు అడ్మినిస్ట్రేటర్ హక్కుతో పనేముంది? నిజమే. 2017 మేలో ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లను కూడా తాకిన వనాక్రై అనే రాన్సమ్‌వేర్ ఎవరి అనుమతీ అడగలేదు. విండోస్‌లోని ఫైల్ షేరింగ్ సేవలో ఉన్న లోపం గుండా నేరుగా సిస్టమ్ స్థాయి అధికారంతోనే చొరబడింది. పైగా ఈ పెట్టె భద్రతా సరిహద్దు కాదని మైక్రోసాఫ్టే అంటుంది. ఇవన్నీ ఒప్పుకున్నా, దాన్ని తీసెయ్యాలన్న మాట మాత్రం ఒప్పుకోలేను. మన ఫైళ్లు పాడు చేయడం వేరు. యాంటీవైరస్ నోరు నొక్కి, విండోస్ దాచిన పాత నకళ్లు చెరిపేసి, సిస్టమ్ ఫైళ్లలోనే పాతుకుపోవడం వేరు. రెండోదానికి పెద్ద హక్కులే కావాలి. ఈ పెట్టె సెట్టింగ్‌ను అట్టడుగుకు లాగేస్తే ఆ హక్కులు అడక్కుండానే దొరుకుతాయి.

మన ఫైళ్ల గురించిన ఆ అభ్యంతరానికి సరైన జవాబు ఫోన్లలో ఉంది. ఆండ్రాయిడ్ ప్రతి యాప్‌నూ వేరే వినియోగదారుగా లెక్కగట్టి వేరే గుర్తింపు సంఖ్య ఇస్తుంది, ఒకదాని సొంత డేటాలోకి మరొకటి తొంగిచూడలేదు. 2015లో వచ్చిన ఆరో వెర్షన్ నుంచి కెమెరా, కాంటాక్టుల అనుమతిని అవసరమైన క్షణంలోనే అడుగుతోంది. టార్చిలైట్ యాప్‌కు కాంటాక్టులెందుకో ఎవరైనా నిలదీయగలరు. కంప్యూటర్‌కు ఆ సౌలభ్యం పూర్తిగా వచ్చేదాకా, పిల్లలూ పెద్దలూ కలిసి వాడే ఇంట్లో రోజువారీ ఖాతాను స్టాండర్డ్‌గా పెట్టి, అడ్మినిస్ట్రేటర్ ఖాతాను విడిగా ఉంచడం మేలు. అప్పుడు ఉత్త ‘యెస్’ చాలదు, పెట్టె పాస్‌వర్డ్ అడుగుతుంది.