ఉద్యోగార్థి దస్తరం

కిందటి వేసవిలో, మిట్టమధ్యాహ్నపు ఎండలో, నా పూర్వ విద్యార్థి ఒకడు భువనగిరిలోని మా యింటికి వచ్చినాడు. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. పదవ తరగతి మెమో, డిగ్రీ పట్టా, ఆధార్ నకళ్లు, పాత హాల్ టికెట్లు అన్నీ అందులో ఒకదానిలో ఒకటి దూరి, ముడుతలు పడి ఉన్నవి.

"సారూ, రెండో తరగతి, మూడో తరగతి ఎక్కడ చదివిన్నో కాగితం తెమ్మంటున్నరు. ఆ బడి ఎప్పుడో మూతబడ్డది" అన్నాడు.

నవ్వి ఊరకుండదగిన మాట కాదది. మన ప్రాంతంలో కొలువుకు, కాగితానికి ముడిపడి నూరేండ్లు దాటినది. 1919 నాటి నిజాం ఫర్మానా ప్రకారం పదునైదేండ్ల నివాసం నిరూపించుకొన్నవాడు ముల్కీ. దొంగ ముల్కీ పత్రాలతో పరాయివారు ఉద్యోగాలు పొందుతున్నారనే ఆవేదనే గదా 1952లో విద్యార్థులను వీధులలోకి తెచ్చినది! 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో స్థానికత చదువువైపు జరిగినది. నాలుగు నుండి పది వరకు చదివిన బడులను చూచేవారు. 2018 నాటి ఉత్తర్వుతో అది ఒకటి నుండి ఏడవ తరగతి వరకు చదువుగా మారినది. పలకపట్టిన నాటి చదువుకు పాతికేండ్లు వచ్చిన తరువాత సాక్ష్యం చూపవలసి వచ్చినది.

మనకు ఇంకొక చిక్కు ఉన్నది. 2016 అక్టోబరు 11న యాదాద్రి భువనగిరి జిల్లా ఏర్పడినది. అంతకుముందటి పత్రాలలో మనది నల్లగొండ జిల్లా. కొండ మాత్రం ఉన్నచోటనే ఉన్నది.

ఇక పరీక్షల సంగతి. 2022లో 503 పోస్టులకు గ్రూపు-1 ప్రకటన వచ్చినది. ఆ అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం లీకు కారణంగా 2023 మార్చిలో రద్దయినది. జూన్‌లో మరల జరిపిన దానిని సెప్టెంబరులో హైకోర్టు రద్దుచేసినది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త ప్రకటన, మరల దరఖాస్తు. తెల్లవారు రైలెక్కి చిక్కడపల్లి గ్రంథాలయానికి పోయి చదివే మన పిల్లలకు, చదివిన పాఠంకన్న ఏ దరఖాస్తు ఏ దశలో ఉన్నదో గుర్తుంచుకొనుటే కష్టమైనది. ఈ రద్దులలో వారి తప్పేమున్నది? వారి చేతిలో ఉన్నది వారి దస్తరం మాత్రమే.

నీతులు చెప్పే అర్హత నాకు అంతగా లేదు. నా నిరుద్యోగపు రోజులలో ఉపాధి కార్యాలయంలో పేరు నమోదు చేయించుకొంటే మూడేండ్లకొకసారి పునరుద్ధరించుకోవలె. ఆ తేదీని నేనెక్కడా వ్రాసిపెట్టుకోలేదు. గడువు దాటినది, సీనియారిటీ పోయినది. తప్పు పూర్తిగా నాదే. మా నాయన ఒక్క మాట అనలేదు; అంటే బాగుండేదేమో.

అందుచేత ఆ పిల్లవానిచేత ముందుగా రెండు దస్తరాలు కట్టించినాను. అసలు పత్రాలు ఒకదానిలో. అవి ఇల్లు కదిలేది పరిశీలన నాడే. నకళ్లు రెండవదానిలో. ఒక నోటుపుస్తకంలో దరఖాస్తుకొక పుట: రిజిస్ట్రేషను సంఖ్య, రుసుము కట్టిన తేదీ, గడువు, తరువాతి మెట్టు. అన్ని పత్రాలలోను పేరు, ఇంటిపేరు, పుట్టినతేదీ ఒక్కటిగా ఉన్నవో లేవో పక్కపక్కన పెట్టి చూచినాము. ఫోనులో ఫొటోలున్నవి గదా అన్నాడు. ఫోను పోతే? అన్నాను.

ఉపాధ్యాయ మిత్రులతో ఒక మాట. ఈ దస్తరంలో సగం మీ బీరువాలో ఉన్నది. ఒకటవ తరగతిలో చేర్చుకొంటూ అడ్మిషను రిజిష్టరులో మీరు వ్రాసే ఒక్క అక్షరం ఆ బిడ్డను ఇరువది యేండ్లు వెంబడించును.

మూతబడిన బడి రిజిష్టర్ల కోసం మండల విద్యాధికారి కార్యాలయంలో అడుగుమని పంపినాను. మూడవనాడు సాయంత్రం ఫోను చేసినాడు.

"దొరికింది సారూ. పేరున్నది. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడ్డది. దిద్దించుకోను సోమవారం రమ్మన్నరు."

"పుస్తకంలో వ్రాసుకొన్నావా?"

"రాసుకున్న సారూ."