తెగులునకు పట్టిన తెగులు

పైరునకు తెగులు సోకుట మన కర్షకులకు నిత్యానుభవమే. కాని తెగులును గలిగించు బూజునకే మరియొక తెగులు పట్టుట గలదని మనలో పలువు రెరుగరు. అట్టి యుదంతము నొకదానిని ఈ మాసమున మా పాఠకులకు విన్నవించుచున్నాము.

అమెరికా తూర్పు భాగపు అడవులలో చెస్టునట్ అను మహావృక్షములు విస్తారముగా నుండెడివి. వాని కాయలలోని పప్పు ఆహారమునకును, కలప గృహనిర్మాణమునకును ఉపయోగపడుచుండెను. ఆసియానుండి తెచ్చిన మొక్కలతో వచ్చిన యొక బూజు 1904లో న్యూయార్కు నగరమున ఈ చెట్ల బెరడుపై కనబడెను. బూజు వలని పుండు మ్రాను చుట్టును కమ్ముకొనినచో దానికి పైభాగమంతయు ఎండిపోవును. అర్ధశతాబ్దములో 300 కోట్లకు పైగా చెట్లు నశించినవని అంచనా.

ఈ తెగులే 1938లో ఇటలీ దేశమున జెనోవా యొద్ద బయలుపడెను. కాని కొన్ని సంవత్సరములకు, 1951 ప్రాంతమున, బిరాగి యను శాస్త్రజ్ఞుడు కొన్ని చెట్ల పుండ్లు తమంత తామే మానుచుండుట గనిపెట్టెను. పిమ్మట ఫ్రాన్సు దేశమున గ్రాంత్ అను నాతడు మానుచున్న పుండ్లనుండి బూజును తీసి పెంచి చూడగా, అది తెల్లబారి బలహీనమై యుండెను. దానికి వైరస్ పట్టుటయే యందులకు కారణమని తరువాత తేలినది.

ఈ వైరస్ ముఖ్యముగా, ఒక బూజు పోగు మరియొక బూజు పోగుతో కలిసి ఏకమైనపుడు ప్రాకును. అయితే ప్రతి బూజును ప్రతిదానితో పొత్తు కలియదు. ఈ పొత్తును నిర్ణయించు జన్యుస్థానములు ఆరింటిని శాస్త్రజ్ఞులు గుర్తించిరి. ఒక్కొక్కటి రెండు రూపములలో నుండుటచే మొత్తము 64 తెగలు ఏర్పడును. వేరు తెగల పోగులు తాకినచో ఆ చోటి కణములు చచ్చును. వైరస్ తరచుగా అచ్చటనే ఆగిపోవును. భేదములు పెరిగినకొలది ఇది దాటుట దుర్లభమగును.

ఐరోపాలో పెక్కుచోట్ల ఈ తెగలు కొలదిగా నుండుటచే, రైతులు పుండు చుట్టును రంధ్రములు చేసి వైరస్ పట్టిన బూజును పెట్టి చెట్లను కాపాడుకొనుచున్నారు. అమెరికా తూర్పు అడవులలోనో తెగలు మిక్కుటము. ఆ మందే అచ్చట చాలవరకు విఫలమయ్యెను. పొత్తునకు అడ్డగు జన్యువులను తొలగించి, పలు తెగలకు వైరస్‌ను అందింపగల బూజును 2016లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రయోగశాలయందు సిద్ధపరచిరి.

దీనినుండి మనము గ్రహింపవలసినది రెండు విషయములు. పరదేశపు మొక్కతో ఒక క్రొత్త తెగ బూజు వచ్చెనేని, అది ఉన్నవానితో సంపర్కము నొంది మరికొన్ని తెగలను బుట్టించును. అంతవరకు పనిచేసిన మందు వ్యర్థమగును. కావున తెగులున్న చోటినుండి మొక్కలు తెప్పింపరాదు. ఒక నేలను ఫలించిన మందు వేరొక నేలను ఫలించునని నమ్మి సంఘమువారి ధనమంతయు దానిపై వెచ్చింపక, మొదట కొలది చెట్లపై పరీక్షించి చూచుట క్షేమము.