బసంత్‌నగర్‌ నుంచి దుబాయికి దారి ఉందా?

జగిత్యాల జిల్లాలో గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు వెతికినా దొరకదు. కోరుట్ల, మెట్‌పల్లి, రాయికల్‌ వైపైతే ప్రతి వాడకట్టులో దుబాయో మస్కటో కువైటో పోయినవాళ్లు ఉంటారు. వాళ్లందరికీ విమానం అంటే శంషాబాదే. కారు కిరాయికి మాట్లాడుకొని రెండువందల కిలోమీటర్లకు పైగా పోవాలి. గల్ఫ్‌లో ప్రాణం పోయినవాడి పెట్టె కూడా అదే దారిన అంబులెన్సులో ఇంటికి చేరాలి. దగ్గర్లో విమానాశ్రయం వస్తుందంటే ఇక్కడి జనం ఆశపడటంలో తప్పేముంది?

ఆ ఆశకు పాత పేరు బసంత్‌నగర్‌. పెద్దపల్లి, రామగుండం మధ్య కేశోరాం సిమెంటు ఫ్యాక్టరీ కోసం వేసిన రన్‌వే అది. వాయుదూత్‌ సంస్థ చిన్న విమానాలు కొంతకాలం అక్కడ దిగాయి, తర్వాత ఆగిపోయాయి. తెలంగాణ ప్రభుత్వం అధ్యయనానికి ఎంచుకున్న ఆరు చోట్లలో బసంత్‌నగర్‌, మామునూరు, ఆదిలాబాద్‌ పాతవి. జక్రాన్‌పల్లి, పాల్వంచ, దేవరకద్ర కొత్తవి. బసంత్‌నగర్‌ చుట్టూ గుట్టలుండటంతో ఇప్పుడు చూపు పక్కనే ఉన్న అంతర్గాం మీద పడింది. కోరుట్లవాళ్లు మాత్రం నిజామాబాద్‌ జిల్లా జక్రాన్‌పల్లి వైపే చూస్తున్నారు.

అసలు ప్రశ్న రన్‌వే పొడవు దగ్గర మొదలవుతుంది. డెబ్బై మందిని మోసే ఏటీఆర్‌ విమానానికి కిలోమీటరున్నర రన్‌వే చాలు. కానీ అది గల్ఫ్‌ దాకా పోలేదు. హైదరాబాద్‌లో దించితే అక్కడ మళ్లీ విమానం మారాల్సిందే. నేరుగా దుబాయి పోవాలంటే పెద్ద విమానం, రెండున్నర కిలోమీటర్ల రన్‌వే, ఇమ్మిగ్రేషన్‌, కస్టమ్స్‌ అన్నీ కావాలి. అంటే ఇంకా భూమి కావాలి. మామునూరులో నిజాం కాలపు విమానాశ్రయం ఉండి కూడా విస్తరణకు మరో 253 ఎకరాలు అవసరమయ్యాయి. భూసేకరణకు రూ.205 కోట్లు ఇచ్చినా, ధర చాలదని రైతులు రోడ్డెక్కారు.

భూమి ఇచ్చాక విమానాలు నిలుస్తాయా? చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్‌ పథకంపై 2023లో కాగ్‌ ఇచ్చిన నివేదిక చదవాలి. మొదటి మూడు విడతల్లో కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ల గడువు పూర్తిచేసినవి 112 మాత్రమే.

ఇక నీటి సంగతి. మన ఊళ్లవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు పారితే కింది కుంట నిండుతుంది. రెండు మూడు కిలోమీటర్ల పొడవున నేలను చదును చేసి కాంక్రీటు పోస్తే ఆ గొలుసు ఎక్కడో ఒకచోట తెగుతుంది. పైనున్న పొలం మునుగుతుంది, కిందున్న కుంట ఎండుతుంది. అంతర్గాం మండలంలోనే, ముర్మూరు దగ్గర, 20 టీఎంసీల ఎల్లంపల్లి జలాశయం ఉంది. నీళ్లున్న చోట పక్షులుంటాయి, పక్షులున్న చోట విమానానికి గండం. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపు చెత్త పడేయకూడదని, జంతువులను వధించకూడదని నిబంధన పెట్టింది అందుకే. చెత్తను ఆపగలం, జలాశయాన్ని ఎక్కడికి జరుపుతాం? పైగా రామగుండం జనం బొగ్గు గనుల దుమ్మును, ఎన్టీపీసీ బూడిదను ఇప్పటికే మోస్తున్నారు. కొత్త భారం మోపే ముందు పాత లెక్క తేల్చాలి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ముందు రైలు. పెద్దపల్లి నుంచి జగిత్యాల, కోరుట్ల మీదుగా నిజామాబాద్‌ లైను 2017లో పూర్తయింది. దాని మీద రాత్రి పూట బయల్దేరి తెల్లారేసరికి హైదరాబాద్‌లో దించే రైళ్లు పెంచితే శంషాబాద్‌ దారి ఇప్పుడే సులువవుతుంది. సిద్దిపేటకు 2023 అక్టోబరులో రైలొచ్చింది. అదే లైను మీదున్న సిరిసిల్ల ఇంకా ఎదురుచూస్తోంది. భివండీ, సూరత్‌ బతుకుదెరువుకు పోయే నేతన్నకు కావాల్సింది ఆ లైనే. విమానాశ్రయం కట్టి తీరాలంటే పంట భూములు, చెరువు శిఖం వదిలి, ఇప్పటికే ప్రభుత్వం చేతిలో ఉన్న నేలలోనే కట్టాలి.

2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్‌ ప్రకారం ఇలాంటి ప్రాజెక్టుకు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి, రాతపూర్వక అభ్యంతరాలూ తీసుకోవాలి. భూమి ఇక్కడ, మనిషి దుబాయిలో ఉన్న ఇండ్లు మన దగ్గర ఎన్నో. ఆ నోటీసు వచ్చిన రోజు దాన్ని ఫొటో తీసి మీవాళ్లకు పంపండి. వాళ్ల మాట కూడా రాసి అధికారుల చేతికి ఇవ్వండి.