మహాగణకయంత్రములోని దారులు

పంక్తిభోజనమున కడపటివారు ముగించువఱకు తక్కినవారు లేవరాదు గదా. అమెరికాలో ఓక్‌రిడ్జియందు, 2022లో లోకమున మొదటిస్థానమందిన ఫ్రాంటియరను సూపర్‌కంప్యూటరునందును న్యాయమిదియే. అందలి తొమ్మిదివేలకు పైబడిన కంప్యూటర్లు ఒకే లెక్కను పంచుకొని చేయును. ఒక్క వార్త ఆలస్యమైనను తక్కినవన్నియు ఊరక కూర్చుండవలసినదే.

కావున కట్టినవారు వానిని గుంపులు చేసి, గుంపులోపల రాగితీగలును, గుంపుల నడుమ వెలుతురును మోయు గాజుతంతులును వేసిరి. ఈ యల్లికకు తూనీగయని పేరు! ఎచ్చటినుండి యెచ్చటికైనను వార్త సాధారణముగా మూడంగలలో చేరును.

వేగమొక్కటియే చాలదు. అనేకము లొక్క వాకిటికే పంపినచో, వేఱుచోటికి పోవలసిన వార్తలును వెనుక చిక్కుకొనును. అప్పుడు కూడలియంత్రములు రద్దీకి కారణమైన కంప్యూటర్లనే గుర్తించి, వానిచేత మెల్లగా పంపించును. ఇతరముల జోలికి పోవు. వంటయింటి గుమ్మమున వడ్డించువారందఱు నొక్కమారే క్రిక్కిఱియుట చూచిన మాకు ఈ యేర్పాటే మిక్కిలి నచ్చినది.