పిల్లి పిల్లలు పెట్టే వేళ

పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందని సామెత. మొదటి ఇంట నెమ్మది లేకపోవడమే ఆ తిరుగుడుకు తరచు కారణం. పిల్లి సుమారు తొమ్మిది వారాలు గర్భం మోస్తుంది. చివరి రోజులలో అటకపై పాత బుట్టలను, బస్తాల సందులను వెదకడం మొదలుపెడితే ప్రసవం సమీపించినట్లే.

అప్పుడు జనసంచారం లేని మూల ఒక అట్టపెట్టెలో పాత నూలుచీర పరచి ఉంచాలి. ఆ చోటును ఫినాయిలుతో మాత్రం కడగరాదు. పాదాలకు అంటిన ఫినాయిలును పిల్లి నాకుతుంది. ఆ విషాన్ని దాని కాలేయం విరిచివేయలేదు. నొప్పికని పారాసిటమాల్ ఇవ్వడం మరింత ఘోరం, ఒక్క మాత్రతోనే ప్రాణం పోవచ్చు.

కడుపు నిండుగా ఉండడంచేత ఒకేసారి ఎక్కువ తినలేదు. ముల్లు తీసిన చేప, ఉడికించిన గుడ్డు, ఉప్పుకారాలు లేకుండా, కొద్దికొద్దిగా పలుమార్లు పెట్టాలి. గిన్నెడు ఆవుపాలు పోస్తే చాలుననుకోవడం పొరపాటు. ఎదిగిన పిల్లులలో చాలావాటికి పాలు అరగవు.

నొప్పులు వచ్చాక దూరంగా ఉండి గమనించడమే ఇంటివారి పని. పిల్లకూ పిల్లకూ నడుమ సాధారణంగా పది నిమిషాల నుండి గంట వరకు పడుతుంది. అరగంటసేపు గట్టిగా ముక్కుతున్నా పిల్ల బయటికి రాకపోతే, లేదా సగంలో చిక్కుకుంటే, చేతితో లాగక వెంటనే పశువైద్యశాలకు తీసుకొనిపోవాలి. అక్కడ కన్నడంలోనో తమిళంలోనో చెప్పుకోవలసిన కుటుంబాలు నొప్పులు మొదలైన గంటను, అప్పటికి పుట్టిన పిల్లల సంఖ్యను కాగితంపై వ్రాసుకొని వెళ్ళడం మేలు. కంగారులో సొంత భాషలోనే మాట తడబడుతుంది.