హేవలాక్‌లో రెండు రోజులు.. అడవి దారిన సముద్రానికి

హేవలాక్ అనగానే మనకు రాజమండ్రి, గోదావరి మీది పాత రైలు వంతెన గుర్తొస్తాయి. ఆ వంతెనకు పెట్టింది మద్రాసు గవర్నరుగా పనిచేసిన ఆర్థర్ హేవలాక్ పేరు. అండమాన్‌లో అదే పేరుతో ఒక ద్వీపం ఉంది. 1857 తిరుగుబాటును అణచిన బ్రిటిష్ సేనానుల్లో ఒకడైన హెన్రీ హేవలాక్ పేరు దానికి పెట్టారు. 2018 డిసెంబరులో ఆ ద్వీపం స్వరాజ్ ద్వీప్ అయింది. జెట్టీలోనూ ఆటోవాళ్ల నోటా ఇంకా హేవలాకే వినిపిస్తుంది.

ఇప్పుడు శ్రీ విజయపురంగా మారిన పోర్ట్ బ్లెయిర్‌లో విమానం దిగి, జెట్టీకి వెళ్లి పడవ ఎక్కాలి. ప్రైవేటు పడవల్లో సుమారు గంటన్నర ప్రయాణం, ప్రభుత్వ పడవల్లో ఇంకాస్త ఎక్కువ. శని, ఆదివారాలకు మరో రోజు కలుపుకుంటే హడావుడి ఉండదు. పోర్ట్ బ్లెయిర్‌లో భాష గురించి బెంగపడక్కర్లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ జనంలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వచ్చిన మత్స్యకార కుటుంబాలు అక్కడ తరాలుగా ఉన్నాయి.

హేవలాక్‌లో మాత్రం వినిపించేది బెంగాలీ. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులకు ఇక్కడ భూములిచ్చారు. గోవింద్ నగర్, విజయ్ నగర్, కృష్ణా నగర్, రాధానగర్ వాళ్లు కట్టుకున్న ఊళ్లే. కొబ్బరి, పోక తోటల మధ్య ఇళ్లు, ఇంటి ముందు చేపల చెరువులు. బజారులో భోజనానికి కూర్చుంటే అన్నం, పప్పు, ఆవనూనె వాసన వేసే చేపల పులుసు వడ్డిస్తారు.

ఐదింటికే పొద్దు వాలుతుంది

ఇక్కడికి వెళ్లేవాళ్లు ముందుగా సర్దుకోవాల్సింది గడియారంతో. మన దేశ కాలమానానికి ఆధారమైన రేఖాంశం కాకినాడకు దగ్గరగా పోతుంది. హేవలాక్ దానికి పదిన్నర డిగ్రీలు తూర్పున ఉంది. అంటే పొద్దు సుమారు 42 నిమిషాలు ముందు. శీతాకాలంలో సాయంత్రం ఐదింటికే సూర్యుడు దిగిపోతాడు. ఆలస్యంగా లేచి, మధ్యాహ్నం భోంచేసి బయల్దేరితే రోజు చేజారినట్టే. తెల్లవారకముందే తూర్పు ఒడ్డున కాలాపత్తర్ చేరుకుంటే నల్లరాళ్ల మధ్య సూర్యోదయం చూడొచ్చు. సాయంత్రానికి పడమటి ఒడ్డున రాధానగర్ ఉండనే ఉంది.

2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మేటి బీచ్‌గా పేర్కొన్నది ఈ రాధానగర్‌నే. రెండు కిలోమీటర్ల తెల్లని ఇసుక, వెనకే ఆకాశాన్నంటే చెట్లు. ఇది మన బంగాళాఖాతాన్ని ఆనుకున్న అండమాన్ సముద్రం. మరి మన ఒడ్డున మట్టిరంగులో ఉండే నీళ్లు ఇక్కడ పచ్చగా, నీలంగా ఎలా ఉన్నాయి? గోదావరి, కృష్ణ మన తీరానికి ఒండ్రు మోసుకొస్తాయి. ఈ ద్వీపంలో అలాంటి పెద్ద నదులు లేవు. కురిసిన వాన నేలను కోయకుండా అడవి పట్టి ఉంచుతుంది. ఇక్కడి నీటి తేటదనంలో వెనకున్న ఆ చెట్ల పాలు పెద్దదే.

నీళ్లు ఎంత ప్రశాంతంగా కనిపించినా హెచ్చరిక బోర్డు మాట వినాల్సిందే. అండమాన్ తీరాల్లో ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి. 2010లో రాధానగర్ పక్కనే మొసలి దాడికి ఒక విదేశీ పర్యాటకురాలు బలైంది. గుర్తు పెట్టిన చోటే దిగండి.

నడిచి వెళ్లాల్సిన బీచ్

ఎలిఫెంట్ బీచ్‌కు చాలామంది జెట్టీ నుంచి పడవలో వెళ్తారు. ఓపికుంటే నడిచి వెళ్లండి. రాధానగర్ రోడ్డు పక్క నుంచి సుమారు రెండు కిలోమీటర్ల అడవి బాట. అడుగు పెట్టగానే ఎండ మాయమవుతుంది. గర్జన్, పడౌక్ చెట్ల మొదళ్ల దగ్గర మనిషి ఎత్తున గోడల్లా లేచిన వేర్లు. ఊడల్లాంటి తీగలు దారికి అడ్డంగా వేలాడుతుంటాయి. వాన కురిసిన మర్నాడైతే బురదలో చెప్పు ఊడిపోతుంది. చివర్లో మడచెట్లు, కోరంగిలో చూసినట్టే బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేర్లు. వాటిని దాటగానే ఒక్కసారిగా వెలుగు, సముద్రం. వానలు, తుపాన్ల రోజుల్లో బాట మూసేస్తారు కాబట్టి ముందే కనుక్కుని, స్థానికుడు ఒకరిని తోడు తీసుకుని, మధ్యాహ్నంలోపే తిరిగి రావాలి.

బీచ్‌కు ఆ పేరు ఊరికే రాలేదు. ఒకప్పుడు ఈ ద్వీపాల్లో కలప లాగడానికి ప్రధాన భూభాగం నుంచి ఏనుగుల్ని తెచ్చేవారు. సముద్రంలో ఈదే ఆ ఏనుగుల్లో చివరిదైన రాజన్ 2016లో హేవలాక్‌లోనే కన్నుమూసింది. 2002లో సుప్రీంకోర్టు ఉత్తర్వులతో చెట్ల నరికివేతకు పగ్గాలు పడ్డాయి. ఒడ్డున తెల్లగా ఎండి పడున్న మహావృక్షాల మోళ్లు 2004 సునామీ గుర్తులు. ఒడ్డుకు దగ్గరలోనే పగడపు దిబ్బలు ఉన్నాయి. స్నోర్కెలింగ్ చేస్తే చిలక చేపలు పగడాన్ని కొరికే టకటక శబ్దం నీటిలో స్పష్టంగా వినిపిస్తుంది. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్దయెత్తున పాలిపోయాయి. వాటి మీద కాలు పెట్టి నిలబడకండి. అవి రాళ్లు కావు, ప్రాణులు.

ఒక గవ్వ కథ

సాయంత్రం రాధానగర్ ఇసుకలో కాసేపు కదలకుండా కూర్చోండి. పక్కనున్న చిన్న గవ్వ నడవడం మొదలెడుతుంది. లోపలిది సన్యాసి పీత. దాని ఒంటి వెనక భాగం మెత్తన, రక్షణ లేదు. అందుకే నత్త విడిచిపోయిన గవ్వలో తల దాచుకుంటుంది. ఒళ్లు పెరిగేకొద్దీ ఇంకొంచెం పెద్ద గవ్వ వెతుక్కుంటుంది. దొరికినదాన్ని కాళ్లతో తడిమి, లోపల కొలిచి చూసి, నచ్చితే చటుక్కున పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి దూరుతుంది. పిల్లలు జేబులో వేసుకొచ్చే అందమైన ఖాళీ గవ్వ, ఏదో ఒక పీతకు రేపటి ఇల్లు.

వెళ్లాలనుకుంటే నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అనువైన కాలం. మీ చెత్త మీరే వెనక్కి తెచ్చుకోండి. పగడం ముక్కను, గవ్వను మాత్రం ఎక్కడిదక్కడే వదిలి రండి.